నిలువురాయి ఇంటి కోడలు

గుట్ట మీద ఎప్పటిదో ఒక నిలువురాయి ఉంది. దాని కింద రాక్షసుడు పడుకున్నాడనీ, గుట్ట కింది ఇంటి కోడలు ఒక్క రాత్రి ఊళ్లో లేకపోయినా రాయి ఒరిగి వాడు లేస్తాడనీ చెప్పుకుంటారు. ఆ ఇంటి కోడలు దర్జీ పని చేసేది. పెళ్లయ్యాక ఆమె మరో ఊళ్లో తెల్లవారడం చూడలేదు. పట్నంలో అక్క మంచం పట్టినప్పుడు కూడా పొద్దున వెళ్లి సాయంత్రం బస్సుకే తిరిగి వచ్చేసింది. తెల్లారేసరికి అక్క పోయింది.

ఒక వానాకాలం ఉదయం ఆమె మిషను మీద జాకెట్టు కుడుతుండగా గుట్ట మీద పెద్ద చప్పుడైంది. వెళ్లి చూస్తే రాయి పడి ఉంది. దాని కింద బురద, వానపాములు తప్ప ఏమీ లేవు. ఆమె పరుగున ఇంటికి వచ్చింది.

"చూశారా అత్తయ్యా! నేను ఇంట్లో ఉండగానే పడింది."

"నువ్వు ఇంట్లోనే ఉన్నావు, సరే. నీ మనసెక్కడుంది?" అంది అత్త.

కుడుతున్నంతసేపూ ఆమె తలచుకున్నది బస్సెక్కి వెళ్లిపోవడమే.

ఊరివాళ్లు క్రేను తెచ్చి రాయిని లేపి, చుట్టూ సిమెంటు పోశారు. ఆనాటి నుంచి ఆమె తన ఆలోచనలకు కూడా తనే కాపలా కాసుకునేది.

కొడుకు పెళ్లయ్యాక, పుట్టింటికి వెళ్తానని కొత్త కోడలు భయంభయంగా అడిగింది.

"వెళ్లిరా తల్లీ. ఉండాలనిపించినన్నాళ్లు ఉండు. రాయికి నేను చాలు," అంటూ బస్టాండు దాకా సాగనంపి, పొద్దుగూకేలోపు ఆమె ఇంటికి వచ్చేసింది.