తాళం జెన్నీ దగ్గరే ఉంటుంది

సోమవారం తుపాకీ లైసెన్సు ఆఫీసరు మా ఇంటికి వస్తానన్నారు. లైసెన్సు మా ఆయనకి, ప్రశ్నలు నాక్కూడా. మేమొచ్చి స్థిరపడ్డ ఈ పరాయి దేశంలో పద్ధతి అది: భార్యని విడిగా కూర్చోబెట్టి, ఈయనకి తుపాకీ ఎందుకని అడుగుతారు. దరఖాస్తులో ఆయన ‘కుందేళ్ళ వేట’ అని రాశారు. అసలు సంగతి, మా వీధిలో దొంగలు పడ్డారు. అప్పట్నుంచి ఆయనకి నిద్ర లేదు. తుపాకీ వస్తే నాకుండదు. మా చిన్నికి నాలుగేళ్ళు, దానికి అందని అలమరా లేదు. ఆఫీసరుకి అబద్ధం చెప్పాలా, ఆయన్ని ఇరికించాలా? తేలక శనివారం కార్టర్టన్ అనే చిన్న ఊరికి బయల్దేరాం. మా పాత పొరుగావిడ జెన్నీ అక్కడ గొర్రెలు పెంచుతోంది. ఆవిడకి తుపాకులున్నాయి.

మా ఊరు లోవర్ హట్‌లో పదింబావుకి రైలెక్కాం. చిన్నికి టిక్కెట్ అక్కర్లేదు. మీరెవరైనా వెళ్తే, పొడవాటి సొరంగం దాటేదాకా పులిహోర డబ్బా తెరవకండి. కిటికీలు నల్లబడగానే చిన్ని నా ఒళ్ళోకి దూకింది, సగం పులిహోర సీటు పాలు.

మెతుకులు ఏరడంలో సాయం చేసిన ఎదుటి సీటు అమెరికన్ పెద్దాయన, ప్రయాణం దేనికని అడిగాడు. మా ఆయన చెప్పారు.

“మా దేశంలో అయితే తుపాకీ రాజ్యాంగం ఇచ్చిన హక్కు!”

“విన్నావా? హక్కంట!” అన్నారు మా ఆయన నాతో.

“బీఏలో చదివాన్లెండి. ఆ హక్కు ఊరిని కాచే ప్రజాదళం కోసమా, ఒక్కో మనిషి కోసమా అని వాళ్ళే ఏళ్ళ తరబడి వాదించుకున్నారు.”

అదే ఇంగ్లీషులో చెబితే పెద్దాయన నవ్వాడు. “కోర్టు మనిషికే అంది. మా ఆవిడే ఇంకా ఒప్పుకోలేదు.”

పదకొండుంబావుకి స్టేషన్‌కి జెన్నీ కారు తెచ్చింది. భోజనంలో పుదీనా చట్నీ లాంటిదేదో వేసిన గొర్రెమాంసం, నాకు బంగాళాదుంపలు. తర్వాత గోడకి బిగించిన తుపాకుల ఇనప బీరువా చూపిస్తానంటూ, “గ్రాహమ్, కళ్ళు అటు!” అని భర్తని గదమాయించింది. ఆయన బుద్ధిగా గోడవైపు తిరిగాడు.

“నలభై ఏళ్ళ కాపురం. అయినా తాళం ఎక్కడ పెడతానో ఆయనకి చెప్పను. లైసెన్సు లేనివాళ్ళకి అది అందకూడదు.”

“చాక్లెట్లు కూడా అందులోనే దాస్తుందని నా అనుమానం,” అన్నాడు గ్రాహమ్ గోడతో.

“మరి దొంగొస్తే?” అన్నారు మా ఆయన.

“పోలీసులకి ఫోన్ చేస్తా. నేను ఈ తాళం తీసి, తూటాలు ఇంకోచోట నుంచి తెచ్చేలోపు దొంగ టీ కూడా తాగి వెళ్ళిపోతాడు. ఆత్మరక్షణకని అడిగితే ఇక్కడ లైసెన్సే ఇవ్వరు. ఇది హక్కు కాదబ్బాయ్, అనుమతి.”

నాకు ఇంకోటి తట్టింది. పెళ్ళైన దగ్గర్నుంచి మా బీరువా తాళాలన్నీ నా బ్యాగులోనే. పాస్‌పోర్టు కావాలన్నా ఆయన నన్నే అడగాలి. ఇప్పుడు నా ఇంట్లో, నేను తెరవకూడని బీరువానా!

తిరిగొచ్చే సాయంత్రం అయిదు గంటల రైల్లో చిన్ని నిద్రపోయింది. “సోమవారం ఏం చెప్తావ్?” అన్నారాయన.

“నిజం. కుందేళ్ళ కోసం కాదని. నాకు ఇష్టం లేదని.”

సొరంగం వచ్చింది.

“నేనే ఫోన్ చేసి దరఖాస్తు వెనక్కి తీసుకుంటాలే,” అన్నారు వెలుగులోకి రాగానే. “తలుపుకి మాత్రం గట్టి తాళం కొందాం.”

కార్టర్టన్‌లో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. అయినా మీరూ ఓసారి వెళ్ళి రండి.

“కొనండి,” అన్నాను. “రెండు తాళంచెవులొస్తాయి. ఒకటి మీకే ఇస్తా.”