లేని పాదానికి నొప్పి

మాది అనంతపురం. వాన పడితే పేపర్లో ఫొటో వేసే ఊరు. అలాంటి ఊరివాణ్ని ఐర్లాండ్ వచ్చి, ట్రాలీ అనే ఊళ్ళో, నీళ్ళ కింద ఊపిరి పీల్చడం నేర్పే బృందంలో ఎలా చేరానని మావాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు. పరోపకార బుద్ధి అని చెబుతాను. నిజానికి మా ఆసుపత్రి క్యాంటీన్ గోడ మీద ఒక కాగితం అంటించి ఉండేది. గాయపడిన మాజీ సైనికులకు స్కూబా నేర్పడానికి వాలంటీర్లు కావలెను, గట్టు మీద పనిచేసేవారికి ఈత రానవసరం లేదు. ఒక ఉద్యోగానికి అన్ని అర్హతలూ నాకు ఉండటం అదే మొదటిసారి.

తర్వాత ఈత వచ్చింది. కొన్నాళ్ళకు స్కూబా సర్టిఫికెట్టు కూడా వచ్చింది. బృందంలో నా హోదా మాత్రం పెరగలేదు. సిలిండర్లు మోయడం, తడిసిన రబ్బరు సూట్లు ఆరేయడం, డాక్టర్ని కాబట్టి కాగితాల మీద సంతకాలు పెట్టడం. మమ్మల్ని నడిపేది ఒక రిటైరైన పీటీ టీచరు. డెబ్బైకి దగ్గరపడింది. సముద్రం కూడా ఆవిడ ఈల వేస్తే వరసలో నిలబడుతుందేమోనని నాకు అనుమానం.

సార్జెంటు మా దగ్గరికి వచ్చింది 2019 శరదృతువులో. ఐరిష్ సైన్యంలో పనిచేసి, శాంతి దళంతో పరాయి దేశం వెళ్ళి, అక్కడ జీపు బోల్తాపడి కుడి కాలు మోకాలి పైకి పోగొట్టుకున్నాడు. భార్య లేదు, ఒక ముసలి కుక్క ఉంది. మొదటి రోజు ఆరోగ్య పత్రం నింపుతూ తన కథ మూడు వాక్యాల్లో చెప్పేశాడు.

"శాంతిని కాపాడదామని వెళ్ళాను డాక్. శాంతి ఏమైందో తెలీదు. కాలు మాత్రం అక్కడే ఉండిపోయింది."

ఉండిపోయిన కాలితో ఆయనకు పేచీ లేదు. పేచీ అంతా దాని పాదంతో. పదమూడేళ్ళుగా అది నొప్పి పెడుతూనే ఉంది. బొటనవేలిని ఎవరో పట్టకారుతో మెలిపెడుతున్నట్టు ఉంటుందట. ఈ నొప్పికి వైద్యంలో పేరుంది, దానికి మందులున్నాయి, ఆ మందులకు ఇంకా పొడుగైన పేర్లున్నాయి. ఆ పాదం ఇవేవీ చదువుకోలేదు.

ఆ పత్రం సంగతి కొంచెం చెప్పాలి. అందులో ఆరోగ్యం గురించి ప్రశ్నలుంటాయి. అన్నిటికీ "లేదు" అంటే హాయిగా నీళ్ళలోకి దిగవచ్చు. ఒక్కదానికి "అవును" అన్నా ఎవరో ఒక డాక్టరు సంతకం పెట్టాలి. ఆపరేషన్లు, నొప్పి మాత్రలు కలిపి సార్జెంటు "అవును"లు చాలానే ఉన్నాయి. అవన్నీ చూసి, ఊపిరితిత్తులు, గుండె, చెవులు బాగున్నాయని తేల్చుకుని, ఈతకొలను బెంచీ మీద కూర్చుని, పత్రం మోకాలి మీద పెట్టుకునే సంతకం చేశాను. పెన్ను ఆయనదే.

ఆయన ఖాళీ సూటు కాలు నీళ్ళలో జెండాలా ఎగిరేది. మనిషి ఒక పక్కకు దొర్లిపోయేవాడు. దాన్ని మడిచి, లోపల చిన్న సీసపు ముక్క పెట్టి, ఆసుపత్రిలో నేర్చుకున్న కుట్లతో కుట్టాను. శస్త్రచికిత్సలో నాకు దక్కిన విజయం అదొక్కటే.

ఆ సూటుతో కొలను లోతైన వైపు అడుగున ఇరవై నిమిషాలు కూర్చుని పైకి వచ్చాడు. మాస్కు తీసి, గోడ పట్టుకుని, కిందికి నీళ్ళలోకి చూశాడు.

"ఏమైంది సార్జెంట్?"

"పాదం లేదు."

లేదన్న సంగతి పత్రంలో మొదటి గడిలోనే ఉంది. ఆ మాట అనబోయి, ఆయన ముఖం చూసి ఆగాను. పదమూడేళ్ళలో మొదటిసారి నొప్పి లేదు. నీటి ఒత్తిడి వల్ల కావచ్చు, బరువు తెలియకపోవడం వల్ల కావచ్చు. నాకు తెలీదు. తెలిసినట్టు తల ఊపాను. మా వృత్తిలో అది మొదటి సంవత్సరంలోనే వచ్చేస్తుంది.

అప్పటినుంచి కొలనులోంచి పైకి రాగానే "పాదం?" అని అడిగేవాణ్ని. "లేదు" అనేవాడు. బట్టలు మార్చుకుని పార్కింగులోకి వచ్చేసరికి మళ్ళీ అడిగేవాణ్ని. "ఉంది" అనేవాడు.

ఫిబ్రవరికల్లా కొలనులో నేర్పాల్సినవన్నీ అయిపోయాయి. సముద్రంలో నాలుగు డైవులు మిగిలాయి. మే నెలలో, పన్నెండు కిలోమీటర్ల అవతల చిన్న రేవు దగ్గర. అవి పూర్తయితే డైవరు కార్డు చేతికి వస్తుంది. కార్డు ఉంటే మా కోసం ఎదురుచూడనక్కర్లేదు, తోడుకు ఇంకో డైవరు దొరికితే చాలు. సార్జెంటు లెక్క ముందే వేసుకున్నాడు. వారానికి నలభై నిమిషాలు పాదం లేకుండా ఉండటం. అంతకు మించి ఆయన ప్రపంచాన్ని ఏమీ అడగలేదు.

మార్చిలో కొలను మూసేశారు. తర్వాత దేశాన్ని మూసేశారు. ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు దాటవద్దన్నారు, తర్వాత దయతో ఐదు చేశారు. సముద్రం మాత్రం పన్నెండు దగ్గరే ఉంది. రోడ్డు మీద గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కార్లు ఆపి ఎక్కడికని అడిగేవారు. సార్జెంటు ఒకసారి రేవు వైపు బయల్దేరి దొరికిపోయాడు.

"నాలో కొంత భాగం పదమూడేళ్ళ కిందటే దేశం దాటింది, దానికీ ఐదు కిలోమీటర్ల రూలేనా అని అడిగాను."

"గార్డు ఏమన్నాడు?"

"మిగతా భాగం ఇంటికి వెళ్ళాలన్నాడు."

నేర్చుకున్నది తుప్పు పట్టకూడదని టీచరు ఒక ఉపాయం చెప్పింది. శనివారం పొద్దున వీడియో కాల్. ఎవరి వంటింట్లో వాళ్ళు గిన్నెలు కడిగే టబ్బు నిండా నీళ్ళు పోసుకుని, మాస్కు, ఊపిరి పీల్చే స్నార్కెల్ గొట్టం పెట్టుకుని ముఖం ముంచాలి. మాస్కులోకి నీళ్ళు వస్తే ముక్కుతో ఊది బయటికి తోసేయాలి. సార్జెంటును గమనించే పని నాది. ఆయన ఫోను సింకు పక్క షెల్ఫు మీద నిలబెట్టేవాడు. నాకు తెల్లటి టబ్బు, ఒక బట్టతల, వెనక కుక్క కనిపించేవి. కుక్క నాకంటే శ్రద్ధగా చూసేది.

ఒక శనివారం మా ఆవిడ కాఫీ తెచ్చి, నా భుజం మీదుగా తొంగిచూసింది.

"ఏందప్పా ఇది? గిన్నెలు తోమే టబ్బులో మునుగుతాండాడా ఆ సారు?"

"ట్రైనింగు."

"ఇంట్లో ఒక్కడే ఉండాడు కదా. ఊపిరాడకపోతే నువ్వేం జేస్తావు?"

"ఫోన్ చేస్తా."

"ఫోన్లోనే ఉండావు గదప్పా."

మా అమ్మాయి కూడా వచ్చి చూసి, "హీజ్ గ్రాండ్, అమ్మా" అని, అంటే ఆయనకేం ఫర్వాలేదని, అచ్చమైన ఇక్కడి కెర్రీ జిల్లా యాసలో తీర్పు చెప్పి వెళ్ళిపోయింది. సార్జెంటు తల పైకెత్తాడు. గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"పాదం?" అన్నాను.

"ఉంది. దీనికి టబ్బు లోతు చాలదట."

ఏడాదంతా అలాగే గడిచింది. మధ్యలో కొన్ని వారాలు తలుపులు తెరిచారు కానీ, మాలాంటి బృందానికి బీమా ఇచ్చేవాళ్ళు తెరవలేదు. శనివారాలు ఆయన పాదం ఉందని చెప్పేవాడు, నేను విన్నానని చెప్పేవాణ్ని.

జనవరిలో ఆయన్ని మా వార్డుకే తీసుకొచ్చారు.

ఆ నెలలో వార్డు ఎలా ఉండేదో అందరికీ తెలిసిందే, మళ్ళీ చెప్పను. నేను గౌను, ఏప్రాన్, మాస్కు, దాని మీద ప్లాస్టిక్ ముసుగు వేసుకుని ఉన్నాను. ఆయన ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. అయినా గుర్తుపట్టాడు.

"నీ సూటు నాదానికంటే బాగుంది డాక్. కుట్లు ఎవరు వేశారు?"

"మాట్లాడకండి, ఆయాసం వస్తుంది."

"కుక్కను పక్కింటావిడ తీసుకెళ్ళింది. టీచరుకు చెప్పు, శనివారం రాలేనని."

చెప్పాను. గైర్హాజరు కారణం రాసుకున్నానంది టీచరు.

నాలుగో రోజు పొద్దున్నకి ఆయన మాట్లాడటం లేదు. మంచం దగ్గరికి వెళ్ళాను. కళ్ళు తెరిచి నన్ను చూశాడు. అరచేతిని నేలకు సమానంగా పెట్టి, గొంతు ముందు అటూ ఇటూ కదిపాడు.

నీళ్ళ కింద మాటలుండవు, చేతి సైగలే. ఆ సైగకు అర్థం: నా గాలి అయిపోయింది. అది చూసిన తోటి డైవరు ఆలోచించకూడదు. ప్రతి డైవరు ఛాతీ మీద కుడిపక్క రెండో మౌత్‌పీసు ఒకటి వేలాడుతూ ఉంటుంది, ఎదుటివాడి కోసమే. దాన్ని లాగి ఇచ్చేయాలి. కొలనులో మేమిద్దరం అది ఎన్నిసార్లు చేశామంటే, సైగ పూర్తికాక ముందే నా చెయ్యి వెళ్ళిపోయేది.

ఆ రోజూ వెళ్ళింది. ఛాతీ కుడిపక్క తడుముకున్నాను. ప్లాస్టిక్ ఏప్రాన్ తగిలింది. మళ్ళీ తడుముకున్నాను. నా చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"డాక్టర్, ఛాతీలో నొప్పిగా ఉందా?" అని అడిగింది నర్సు.

లేదన్నాను. ఆక్సిజన్ పెంచాను. ఐసీయూకి ఫోన్ చేశాను. చేయాల్సినవన్నీ వరసగా చేశాను. వాటిలో ఏదీ ఆయన అడిగింది కాదు.

పదకొండు రోజులు ఐసీయూలో ఉన్నాడు. బతికాడు. ఫిబ్రవరి చివర్లో, ఊపిరితిత్తుల అడుగు భాగాన మచ్చలతో ఇంటికి వెళ్ళాడు. కుక్క వారం రోజులు ఆయనతో మాట్లాడలేదట.

వేసవికి కొలను తెరిచారు, సముద్రం తెరిచారు. టీచరు అందరికీ కొత్త ఆరోగ్య పత్రాలు పంపింది. వాటిలో ఒక ప్రశ్న కొత్తగా చేరింది: కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరారా? సార్జెంటు ఆ పత్రం పట్టుకుని ఆసుపత్రి కారు పార్కింగుకు వచ్చాడు. లోపలికి రానన్నాడు, లోపల చూడాల్సినవి చూశానన్నాడు.

"ఇక్కడ 'లేదు' అని టిక్కు పెట్టేస్తాను. నువ్వు చూడలేదనుకో."

"ఆ వార్డు డాక్టర్ని నేనే కదా సార్జెంట్."

"ముఖానికి అన్ని తగిలించుకుని ఉన్నావు. అది నువ్వేనని నేను ప్రమాణం చేయలేను."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఒక్కసారి. ఐదు మీటర్లు చాలు," అన్నాడు.

"మచ్చ ఉన్నచోట గాలి ఇరుక్కుంటుంది. పైకి వస్తుంటే అది ఉబ్బుతుంది. ఊపిరితిత్తి చిరగవచ్చు. లోతు తక్కువైన చోటే అది ఇంకా ఎక్కువ. మీకు తెలుసు."

"తెలుసు. పరీక్షలో రాశాను. నువ్వే దిద్ది ఫుల్ మార్కులు వేశావు."

ఆయన పత్రాన్ని నా ముందుకు చాపాడు.

"కాలు లేదంటే సంతకం పెట్టావు డాక్. ఇప్పుడు దగ్గొచ్చిందని భయపడుతున్నావా?"

"ఊపిరితిత్తుల పెద్ద డాక్టరుకు చూపిద్దాం. ఆయన ఒప్పుకుంటే నేను అడ్డం రాను."

పెద్ద డాక్టరు స్కాను తీయించి, గొట్టంలోకి ఊదించి, రెండు పేజీల నివేదిక పంపాడు. సారాంశం ఒక్క మాట: వద్దు. ఆరు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేద్దామని నేను సార్జెంటుకు చెప్పాను. చెప్పడానికి ఏమీ లేనప్పుడు మేము చెప్పేది అదే. ఆయన పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఆరు నెలలు," అన్నాడు. "పాదానికి చెబుతాను."

ఆగస్టులో రేవుకు వెళ్ళాం. సార్జెంటు కూడా వచ్చాడు. టీచరు ఆయనకు గట్టు మీద పని ఇచ్చింది. మడత కుర్చీలో కూర్చుని, దిగేముందు ప్రతి ఒక్కరి సామాను సరిచూసి, ఎవరు ఎన్నింటికి దిగారో, ఎన్నింటికి వచ్చారో పలక మీద రాయాలి. ఈత రానవసరం లేని పని. అయిదారేళ్ళ కింద నేను చేరింది దానికే.

నా వంతు వచ్చింది. బెల్టు లాగి చూశాడు. సిలిండర్ కవాటం తిప్పి చూశాడు. గడియారంలా ఉండే మీటరు చదివాడు. మిగిలింది నా రెండో మౌత్‌పీసు. మామూలుగా సరిచూసేవాడు దాన్ని నోట్లో పెట్టుకుని రెండుసార్లు పీల్చి చూస్తాడు. ఆ ఏడాది అది నిషేధం. ఎవరి నోటిది వాళ్ళే పరీక్షించుకోవాలని కొత్త నియమం.

సార్జెంటు దాన్ని నా ఛాతీ మీది నుంచి లాగి, నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. ఒకసారి పీల్చాడు. రెండు. మూడు. నెమ్మదిగా, కొలను అడుగున ఎలా పీల్చాలని నేర్పామో అలాగే. ఆ గొట్టం పొడవు తక్కువ కాబట్టి నేను ఆయన కుర్చీ మీదికి వంగి నిలబడాల్సి వచ్చింది. వీపు మీద సిలిండరు ఉంది. వంగే ఉన్నాను. టీచరు ఇటు చూసింది. ఎవరైనా నియమం తప్పితే పక్క రేవుకు వినపడేలా అరిచే మనిషి. వెనక్కి తిరిగి వ్యానులో ఏదో వెతకడం మొదలుపెట్టింది.

డాక్టరుగా నేనూ ఒకసారి ఆలోచించాను. ఒడ్డు మీద పీల్చే గాలికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

ఎన్ని ఊపిర్లో నేను లెక్కపెట్టలేదు. చివరికి కళ్ళు తెరిచి, దాన్ని తుడిచి, దాని చోట తగిలించాడు.

"బాగానే పనిచేస్తోంది. వెళ్ళు," అన్నాడు.

ఒక కొత్త శిష్యుడితో కలిసి దిగాను. ముప్పై ఎనిమిది నిమిషాలు. నీళ్ళు మురికిగా ఉన్నాయి, చెయ్యి చాపితే వేళ్ళు కనపడేవి, అంతే. పైకి వచ్చి మెట్ల దగ్గర మాస్కు తీశాను.

"ఏం చూశావు?" అన్నాడు సార్జెంటు.

"బురద. ఒక పీత."

"ఎంత?"

రెండు చేతులతో చూపించాను.

"అబద్ధం," అని పలక మీద సమయం రాసుకున్నాడు.

ఎప్పుడూ అడిగే ఆ పాదం ప్రశ్న ఆ రోజు నేను అడగలేదు. కాళ్ళకున్న ఈత రెక్కలు విప్పుకుంటూ, వాటి పట్టీలేవో చాలా చిక్కుపడినట్టు చూస్తూ కూర్చున్నాను. ఆయన తల ఎత్తకుండా, రాస్తూనే, "ఉంది," అన్నాడు.

నేను లేచి సిలిండర్లు వ్యానులోకి మోయడం మొదలుపెట్టాను.