అమ్మ వండిన ఆముదం

మా అనంతగిరిలో ఎవరికి కడుపునొప్పి వచ్చినా ముందు మా ఇంటికే వచ్చేవాళ్లు. అమ్మ ఆముదం గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి వడగట్టేది. కోదాడ దాకా అంత తేటగా ఎవరికీ కుదరదని ఆమె గర్వం. ఆ గర్వంలో తప్పులేదు, నూనె నిజంగానే బాగుండేది. పిల్లల కడుపులో పురుగులున్నా, పెద్దలకు మలబద్ధకమైనా, పెళ్లి భోజనం ఎక్కువై పొట్ట ఉబ్బినా అదే మందు. మేము క్రైస్తవులం కనుక అమ్మ గిన్నె పట్టుకుని, కళ్లు మూసుకుని, చిన్న ప్రార్థన చేసి మరీ తాగించేది. చాలామందికి తగ్గేది కూడా. అదే మా కొంప ముంచింది.

నేనప్పుడు సూర్యాపేట దవాఖానలో నర్సును. చేరిన కొత్తలోనే డాక్టరుగారు నాకు ఒక సంగతి నూరిపోశారు. కడుపునొప్పి అంటే ఒక్కటే జబ్బు కాదు. అజీర్తి నొప్పి వచ్చి పోతూ ఉంటుంది, మనిషి మెలికలు తిరుగుతాడు, పొట్ట మాత్రం మెత్తగా ఉంటుంది. బొడ్డు దగ్గర మొదలై, కుడివైపు కిందికి దిగి, అక్కడే తిష్ఠవేసే నొప్పి వేరు. దానికి తోడు వాంతి, సన్నని జ్వరం ఉండి, నడిస్తే ఆ పక్క పట్టుకుని వంగిపోతుంటే, పెద్దపేగు మొదట్లో ఉండే చిన్న తోక వాచిందేమోనని అనుమానించాలి. అప్పుడు విరేచనాల మందు పోస్తే ఆ వాచింది పగలవచ్చు. పగిలినప్పుడు కాసేపు నొప్పి తగ్గుతుంది. ఆ తగ్గడాన్ని నమ్మొద్దు, పొట్ట బిగుసుకుందేమో చూడు అనేవారు.

అందుకే కడుపు పట్టుకుని ఎవరొచ్చినా, పేరైనా అడగకముందే "ఆముదం తాగినవా?" అని అడిగేదాన్ని. తాగామనే చెప్పేవాళ్లు. ఒళ్లు మండేది. ఊరూరా మా అమ్మలాంటి ఒకామె ఉంది మరి. ఇంటికి వెళ్లినప్పుడు అమ్మకూ చెప్పి చూశాను. "నువ్వు నిన్నగాక మొన్న నేర్సుకున్నవ్ బిడ్డా. నేను మా అవ్వ కాడి నుంచి చేస్తున్న" అని నవ్వేసింది.

మాకు నాన్న లేడు. ఇంటికి మగదిక్కు తమ్ముడొక్కడే, బండి తోలేవాడు. ఆ చలికాలం మిర్యాలగూడ అంగడికి గింజల బస్తాలు వేసుకుపోయి, తిరిగొస్తూ దారిలో వాంతి చేసుకున్నాడట. బయట తిన్నదేదో పడలేదనుకున్నారు. అమ్మ ఆముదం తాగించింది. మర్నాడు నొప్పి ఎక్కువైతే, కడుపులో ఇంకా చెడు మిగిలిందని మళ్లీ తాగించింది.

ఇవేవీ తెలియకుండా, సెలవు దొరికితే నేను ఇంటికొచ్చాను. వచ్చేసరికి ఇద్దరూ సంతోషంగా ఉన్నారు. తమ్ముడు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అమ్మ జావ కాస్తోంది.

"రాత్రంత సచ్చి బతికిండు. పొద్దుగాల నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది" అంది అమ్మ. "నిన్న పొట్ట ముట్టనియ్యలే. ఇయ్యాల నేనే ఆముదం రాసి రుద్దిన. పొట్ట గట్టిపడ్డది, వానికి బలమొచ్చింది."

చేతిలోని సంచి కింద పెట్టకుండానే వాడి పక్కన కూలబడ్డాను. కళ్లు లోతుకు పోయాయి. నాలుక ఎండిపోయింది. నాడి పరుగులు పెడుతోంది. పొట్ట మీద చెయ్యి వేశాను. చెక్కను తాకినట్టుంది.

"తగ్గింది గదక్కా, ఏడుస్తవెందుకు?" అన్నాడు. "దూపైతుంది, జర నీళ్లియ్యి."

ఆ స్థితిలో నీళ్లు పోయకూడదు. తడిగుడ్డతో పెదాలు తుడిచాను, అంతే. పక్కింటివాళ్ల చేత బండి కట్టించాను. అమ్మ ఎడ్లకు అడ్డం నిలబడింది. "తగ్గినోణ్ణి దవాఖానకెందుకే? నాలుగు దినాలు పండుకుంటే లేసి తిరుగుతడు" అంది. నేను అరిచాను. కోపం నాకు మొదటినుంచీ ఎక్కువే. ఆ రోజు ఆమెను బండికి అడ్డం తప్పించడానికి పనికొచ్చింది, ఇంక దేనికీ పనికిరాలేదు.

అమ్మ కూడా ఎక్కింది, కోదాడ దాకా బండి మీద వెళ్లాం. అక్కడ బస్సు కోసం ఎదురుచూపు. ఆ ఏడాది ఊళ్లలో గొడవలతో దారులు గడబిడగా ఉండి, బస్సు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. మేం ఎక్కేసరికి పొద్దు వాలింది. గతుకు వచ్చినప్పుడల్లా తమ్ముడు నా చెయ్యి గట్టిగా పట్టుకునేవాడు. మునగాల దాటాక పట్టుకోవడం మానేశాడు. అమ్మ అది నిద్ర అనుకుంది.

సూర్యాపేటలో డాక్టరుగారు వాడి పొట్ట తాకి నా వైపు చూశారు. పొట్ట కోసే వసతి మా దవాఖానలో లేదు. హైదరాబాదు దాకా మోసుకెళ్లేంత ఊపిరి వాడిలో లేదు. ఆయన ఒక సూది ఇచ్చారు. బాధ తెలియకుండా ఉండడానికే ఇచ్చారని నాకు తెలుసు, అమ్మకు తెలియదు. కాసేపటికి తమ్ముడు పోయాడు.

"కూసొని మాట్లాడేటోణ్ణి తెచ్చి సూదేసి సంపిర్రు" అంది అమ్మ. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వే సంపినవ్" అంది.

ఆ మాట ఆమె అక్కడితో వదల్లేదు. ప్రార్థనకు వచ్చినవాళ్లకు చెప్పింది, కల్లంలో పనివాళ్లకు చెప్పింది, నా ఎదుటే చెప్పింది. నిజం నోటిదాకా వచ్చేది. చెబితే ఆమెకు ఏం మిగులుతుంది? కొడుకు పోయాడు, తన చేతి మందు మంచిదన్న నమ్మకం ఒక్కటే మిగిలింది. నాకు ఓర్పుండి కాదు, పళ్లు బిగబట్టి ఊరుకున్నాను. అమ్మను చూస్తే జాలి వేసేది, జాలి కంటే కోపమే ఎక్కువ వచ్చేది. నా తమ్ముడి కోసం నన్ను కరువుతీరా ఏడవనివ్వలేదు ఆమె. ఊళ్లో ఆడవాళ్లకు మాత్రం చాటుగా చెప్పుకొచ్చాను, నొప్పి కుడివైపు దిగితే ఏమీ తాగించకుండా దవాఖానకు తీసుకురమ్మని.

మరుసటి ఎండాకాలం నేను ఇంట్లో ఉండగా పక్కింటామె కూతుర్ని ఎత్తుకొచ్చింది. మామిడికాయలు తిని కడుపునొప్పని పిల్ల ఏడుస్తోంది. అమ్మ గిన్నె తెచ్చింది. ఆమె ప్రార్థనకు కళ్లు మూసుకునేలోగా నేను పిల్లను మంచం మీద పడుకోబెట్టి, పొట్టంతా మెల్లగా ఒత్తి చూశాను. అంతటా మెత్తగానే ఉంది.

"ఇయ్యమ్మా, ఏం కాదు" అన్నాను.

అమ్మ ఇవ్వలేదు. "ఏం జూసినవ్?" అంది.

"పొట్ట మెత్తగ ఉందా అని."

"గట్టిగుంటే?"

నేను పిల్ల గౌను కిందికి లాగి సర్దాను.

"గట్టిగుంటే ఏమైతదే?" మళ్లీ అడిగింది. నేను తల దించుకున్నాను.

అమ్మ కుడిచేతిని కొంగుకు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. "నేనే రుద్దిన గద" అంది మెల్లగా. "గట్టిపడ్డదని నేనే జెప్పిన గద."

పక్కింటామెకు ఏమీ అర్థం కాలేదు. "జర పొయ్యి అత్తా, పిల్ల ఏడుస్తుంది" అంది.

"ఆముదం లేదు బిడ్డా, అయిపోయింది" అంది అమ్మ. గిన్నె నిండుగా ఆమె చేతిలోనే ఉంది.

ఆ తర్వాత అమ్మ నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. పొద్దస్తమానం తిట్టినా బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.