రోగాలత్తయ్య

ఫార్మసీ కాలేజీలో అందరూ ఆవిణ్ణి రోగాలత్తయ్య అంటారు. కోపం రాదు సరికదా, అలా పిలిస్తేనే పలుకుతుంది. వయసులో ఉన్నప్పుడు నాటకాల్లో తల్లి వేషాలు కట్టి, ప్రతి నాటకంలోనూ తెర పడేలోపే చచ్చిపోయిన మనిషి. ఇప్పుడు పరీక్షల రోజుల్లో, కాలేజీవాళ్లు ఒక గదిలో కట్టిన ఉత్తుత్తి మందుల షాపుకి వచ్చి, కాగితం మీద రాసిచ్చిన జబ్బు నటిస్తుంది. కౌంటరు వెనకున్న విద్యార్థి ఏం అడిగాడో, ఏం ఇచ్చాడో మాస్టారు అద్దం అవతలనుంచి చూసి మార్కులు వేస్తాడు. అత్తయ్య అడిగినదానికే జవాబివ్వాలి, అదీ కాగితంలో ఉన్నదే ఇవ్వాలి. ఆ నియమం ఆవిడ ఏనాడూ తప్పలేదు.

పోయినసారి ఆ నియమమే ఒక పిల్ల కొంప ముంచింది. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని పిల్ల అడిగితే, కాగితంలో ఉన్నట్టే "ఏం లేవమ్మా" అంది అత్తయ్య. రెండోసారి గుచ్చి అడిగితేనే షుగరు మాత్రల సంగతి చెప్పాలి. పిల్ల అడగలేదు, పరీక్ష తప్పింది. అత్తయ్య నోటిదాకా వచ్చిన మాట మింగేసింది గానీ, చాలా రోజులు ఆ పిల్ల మొహం కళ్లముందే ఆడింది.

ఈవేళ మళ్లీ అదే పిల్ల. ఇదీ పోతే ఇంకో ఏడాది చదవాలి. అత్తయ్య వేషం మోకాళ్ల నొప్పి. కాగితం ప్రకారం వేరే మందులేవీ లేవు, ఎన్నిసార్లడిగినా లేవనే చెప్పాలి. కుంటడం మాత్రం నటన కాదు.

"ఇంకేమైనా మాత్రలు వేసుకుంటున్నారా?" అంది పిల్ల.

"ఏం లేవమ్మా."

పిల్ల నొప్పి మాత్రల పట్టీ తీసి, ఇవ్వబోతూ ఆగింది. "రోజూ వేసుకునేవి అత్తయ్యా? అలవాటైపోయి, మందులని కూడా అనిపించనివి?"

ఈసారి అడిగింది కదా అని అత్తయ్యకి ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరంలో కాగితం మర్చిపోయింది. "గుండెకి ఒకటుంది. రక్తం పలచబడ్డానికని ఈమధ్యే రాశారు" అనేసింది.

"అయితే ఇది ఇవ్వలేను. రెండూ కలిస్తే కడుపులో రక్తం కారే ప్రమాదం ఉంది."

అవే నొప్పి మాత్రలు అత్తయ్య చేతిసంచిలో ఉన్నాయి. వీధి చివర షాపువాడు ఏమీ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. అడగందే చెప్పకపోవడం ఒంటబట్టిపోయింది మరి.

ఇంతలో మాస్టారు తలుపు తీసుకుని వచ్చాడు. "ఆ జవాబు కాగితంలో లేదు కదండీ. ఈ పరీక్ష చెల్లదు."

పిల్ల మొహం పాలిపోయింది.

"కాగితంలో లేదు బాబూ, ఒంట్లో ఉంది" అని అత్తయ్య సంచిలోంచి పట్టీ తీసి కౌంటరు మీద పెట్టింది. అది సగం ఖాళీ.

"పరీక్ష మళ్లీ పెట్టండి సార్" అంది పిల్ల. "ముందు ఈవిణ్ణి డాక్టరుకి చూపించి వస్తాను."

మాస్టారు ఆ పట్టీ తీసి చూశాడు. "మళ్లీ ఎందుకమ్మా, అసలు పరీక్షే అయింది కదా" అని పెన్నుకి మూత పెట్టాడు.

అత్తయ్య కుర్చీలో కూలబడింది. ఇన్నేళ్లలో ఆ కౌంటరు ముందు ఆవిడ తనంతట తాను ఒక మాట అడగడం అదే మొదలు.

"మరి మోకాలికేం వేసుకోను తల్లీ?"