సూది ముక్కతో మూసిన గొట్టం

2022 ఎండాకాలం. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ దాటాక మా మెకానిక్ షెడ్డు. అల్వాల్ నుంచి సుగుణ గారు ఒక పాత ఇంపోర్టెడ్ టర్బో కారు నడుపుకుంటూ వచ్చారు. విజయనగరం వాళ్లు, బ్యాంకు ఉద్యోగం. భర్త పోయి ఏడాది. కారు ఆయనది.

"ఆయన నడిపితే వీపు సీటుకి అతుక్కుపోయేదండీ. ఆయనుండగానే ఎందుకో మెత్తబడిపోయింది. ఒక్కసారి మళ్లీ అలా వెళ్లాలనుంది. అవదంటే చెప్పేయండి, అమ్మేస్తాను. దీన్నిలా చూడలేకపోతున్నాను."

నాకు లోపల సంబరం. డిస్ట్రిబ్యూటర్, అంటే సిలిండర్లకి స్పార్క్ పంచే భాగం, ఉన్న టర్బో బండి చేతికొచ్చి ఎన్నేళ్లయిందో! ఇప్పుడా పని సెన్సర్, కంప్యూటర్ చూసుకుంటున్నాయి. ఆ రోజులంటే నాకిప్పటికీ బెంగే.

సిలిండర్‌లో స్పార్క్ ఎప్పుడు పడాలన్నదే ఇగ్నిషన్ టైమింగ్. మెల్లగా వెళ్తున్నప్పుడు ఇంజిన్ గాలిని పీలుస్తుంది, అది వాక్యూమ్. ఒక సన్న రబ్బరు గొట్టం గుండా ఆ పీలుపు డిస్ట్రిబ్యూటర్ పక్క డబ్బాలో ఉన్న డయాఫ్రమ్‌ని, అంటే పల్చటి పొరని, లాగి స్పార్క్ ముందుగా పడేలా చేస్తుంది. గట్టిగా తొక్కితే టర్బో గాలిని లోపలికి కుక్కుతుంది, అది బూస్ట్. అప్పుడదే పొర ఎదురు జరిగి స్పార్క్‌ని ఆలస్యం చేస్తుంది. చేయకపోతే ఇంజిన్ టకటకా కొట్టుకుని పిస్టన్ పాడవుతుంది.

గొట్టం ఇంజిన్ వైపు కొన ఊడదీసి, నోటితో పీల్చి, నాలుక ఆనించాను. మా పాత పద్ధతి. నాలుక అతుక్కుంది, అంటే గొట్టానికి చిల్లు లేదు. కానీ డిస్ట్రిబ్యూటర్‌లో ఆ పొర లాగాల్సిన ప్లేటు కదల్లేదు. గొట్టం పూర్తిగా తీసి డబ్బాకే నోరు పెట్టి పీలిస్తే కదిలింది. గొట్టం కోస్తే లోపల గులాబీరంగు ప్లాస్టిక్ ముక్క. టైమింగ్ లైట్ పెట్టి చూస్తే స్పార్క్ కూడా ఆలస్యంగా పడుతోంది.

"ఏ పుణ్యాత్ముడు చేసిండు మేడం గిట్ల? టైమింగ్ సుత మొత్తం వెనక్కి తిప్పిండు. బండిని పండబెట్టిండు!"

ఆమె ఆ ముక్కని చేతిలోకి తీసుకున్నారు.

"ఇది నా అల్లిక సూదండీ. విరిగితే పారేశాననుకున్నాను. నాకు డ్రైవింగ్ నేర్పేటప్పుడు బండి దూకితే అరిచేసేదాన్ని. 'భయపడకు, మెత్తగా చేసేస్తాను' అన్నారు. ఏదో ఊరడింపనుకున్నాను. బండి పని ఆయనే చేసుకునేవారు."

గొట్టం మూస్తే బూస్ట్‌లో ఇంజిన్ కొట్టుకుంటుందని టైమింగ్ కూడా వెనక్కి పెట్టాడు ఆ మనిషి. తెలిసి, కుదురుగా చేసిన పని.

"ఏం చేయమంటరు? గిట్లనే ఉంచాల్నా?"

"ఉంచితే ఏటవుతుంది?"

"నడుస్తది. పెట్రోల్ తాగుతది, జెర వేడెక్కుతది."

ఆమె సూది ముక్కని వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడ్డారు. "మార్చేయండి," అన్నారు చివరికి, ముక్కని పర్సులో వేసుకుంటూ.

కొత్త గొట్టం వేసి, టైమింగ్ సరిచేసి, పక్క సీట్లో కూర్చుని ఆమెనే నడపమన్నాను. ఖాళీ రోడ్డు చూసి తొక్కారు. టర్బో అందుకుంది. నా వీపు సీటుకి అతుక్కుంది. ఆమె అరవలేదు. కొంత దూరం పోయాక పక్కకి ఆపారు.

"భయం వేయలేదండీ. ఈ మాట ఆయనకి కదా చెప్పాలి!"

స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు మూసేసిన గొట్టం కనిపిస్తే ఎవరినీ తిట్టను. ఎవరి కోసం మూశారని ముందు అడుగుతాను.