పదికి ఎంత నొప్పి?

మా అన్న బిడ్డ స్వప్న నల్లగొండలో ఒక దవాఖానలో కాంట్రాక్టు నర్సు. ఆ దవాఖానకూ ఇంగ్లండులోని మరో దవాఖానకూ పొత్తు కుదిరింది. అక్కడి నర్సులు వచ్చి ఇక్కడివాళ్లకు నేర్పుతారు. చివర ఒక పరీక్ష. నెగ్గినవాళ్లు మిగతా నర్సులకు నేర్పాలి, నెగ్గనివాళ్లు పాత వార్డుకే. స్వప్న ఆ నేర్పే పని మీద ఆశ పెట్టుకుంది. ఇంటి మనిషి ఒకరు తోడుంటే ధైర్యమంది. అన్నకు మగ్గం దిగే వీల్లేక నన్ను పంపాడు.

మోత్కూరులో ఆరుంపావుకు బస్సెక్కాను. పక్క సీట్లో ఒక గొర్రెలకాపరి, ఒళ్లో గొర్రెపిల్ల.

"దీనికి హాఫ్ కొట్టాల్నా?" అన్నాడు కండక్టర్.

"ఆడపిల్లనే సారూ, జీరో టికెట్ కొట్టు."

చిట్యాలలో దిగి, ఇడ్లీ తిని, బస్సు మారాను. పొద్దున ఇక్కడ సీటు దొరకదు, వెళ్లేవాళ్లు రెండో బస్సుకు ఆగడం మేలు. తొమ్మిదికి నల్లగొండ. బస్టాండు నుంచి దవాఖానకు ఆటో ఇరవై రూపాయలు.

పరీక్షలో రోగిగా నటించాల్సిన వార్డుబాయ్ ఆ రోజు రాలేదు. బెంచీ మీదున్న నన్ను తీసుకుపోయి మంచమెక్కించారు.

"నేను ఆ పిల్లకు చిన్నాయిన్ని సార్," అన్నాను, ఇంగ్లీషు మాటలను తెలుగులో చెప్పే డాక్టరుతో.

"అయితే ఏంది, పండుకో. నీకు గుండెల నొప్పి. ఎంత అని అడిగితే పదికి ఎనిమిది అను."

"పదంటే ఎంత సార్? దేంతోని కొలుస్తరు?"

"ఎనిమిది అను, సాలు."

నేనూ మగ్గం నేస్తూనే చేనేత సొసైటీలో నూలు లెక్కలు చూసేవాణ్ణి. కొలత లేని అంకె నాకు మింగుడుపడలేదు.

స్వప్న వచ్చింది. చేతులు వణుకుతున్నాయి. "చిన్నాయినా, నొప్పి పదికి ఎంతుంది?"

ఆ ముఖం చూశాక నోట ఎనిమిది రాలేదు. "జర ఉంది బిడ్డా. రెండు ఏసుకో. ఫికర్ చెయ్యకు."

డాక్టరు తల పట్టుకున్నాడు. పిల్ల పరీక్ష నేనే చెడగొట్టాననుకున్నాను.

స్వప్న నన్ను కాసేపు చూసింది. "ఇప్పుడు లేచి మగ్గం మీద కూసుంటవా?"

"ఇయ్యాల కాదు బిడ్డా," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

"ఇగ ఇది ఎనిమిదే. మా దిక్కు మగోళ్లు బిడ్డల ముంగట గింతే చెప్తరు. ఈసీజీ పెట్టుర్రి."

పరీక్ష పెట్టిన ఇంగ్లండు నర్సమ్మ మా మాటలు డాక్టరును అడిగి తెలుసుకుంది. అంకె ఒక్కదాన్నే నమ్మొద్దు, మనిషిని చూడమని ఆమే నేర్పిందట. ఆమె వచ్చి స్వప్న భుజం తట్టింది. నెగ్గిందన్నారు. నేను చెప్పింది రెండు, వాళ్లు చెప్పమన్నది ఎనిమిది, తప్పు చెప్పిన నాకూ చప్పట్లే.

మూడున్నర బస్సుకు స్వప్న వచ్చి ఎక్కించింది. "ఎనిమిది అనమంటే రెండెందుకన్నవ్ చిన్నాయినా?"

"నీ చేతులు వణకవట్టె."

"మంచిగనే ఆగం చేసినవ్ పో," అని నవ్వింది.

రెండు ఎట్లా ఎనిమిదయిందో చిట్యాల దాకా లెక్కేసినా తేలలేదు. రామన్నపేట దగ్గర అన్న ఫోన్ చేశాడు.

"నెగ్గిందే," అన్నాను.

"ఎన్ని మార్కులొచ్చినయ్‌రా?"

అడగడమే మరిచిపోయాను.