గుర్రపు వెంట్రుక పురుగు తోక కోసం పామర్రు దాకా

నాకు ఓపిక తక్కువ. ఆ గుణం వల్లే ఈ ప్రయాణం కట్టాల్సి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. బెజవాడ కాలేజీలో జంతుశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుగా ఉంటూ గుర్రపు వెంట్రుక పురుగుల మీద వ్యాసం రాస్తున్నాను. మిడతల కడుపులో పెరిగి, నీళ్లు తగలగానే బయటపడి, ఉండలుగా పెనవేసుకునే సన్నటి పురుగులివి. మగదాని తోక కొస రెండుగా చీలి ఉంటే ఒక శాఖ, చీలకుండా గుండ్రంగా ఉంటే మరో శాఖ. ఆ కొస చూడకుండా చుట్టరికం తేలదు. అంతకుముందు దొరికిన మూడు ఉండలనూ నేను పట్టకారుతో లాగి, తోకలన్నీ తెంపుకున్నాను. వానలు వెనకబట్టాయి, కొత్త ఉండలు దొరకడం మానేశాయి. సోమవారానికి తోక చూపించకపోతే వ్యాసం పక్కన పెట్టమని ప్రొఫెసరుగారు చెప్పేశారు.

శనివారం సాయంత్రం మా ల్యాబు అటెండరు కబురు తెచ్చాడు. పామర్రు దగ్గర నేత నేసే వాళ్లక్క వీరమ్మగారి తొట్టిలో అలాంటి ఉండ ఒకటి కనిపించిందట. ఆదివారం ఉదయం ఆరున్నరకు బందరు బస్సెక్కాను. టిక్కెట్టు తొమ్మిదణాలు. పెట్రోలు కరువు కనుక బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు. ఉయ్యూరు చేరేలోపే రెండుసార్లు ఆగింది. నేను మూడోసారి టైమడిగేసరికి డ్రైవరు వెనక్కి తిరిగి, "బొగ్గు రాజుకోవాలి కదండీ. మీరు ఇసుక్కుంటే బస్సు పరిగెత్తుద్దా?" అన్నాడు. పామర్రులో దిగేసరికి పదయింది. అక్కణ్ణుంచి కాలువ గట్టు మీద మైలు నడక.

వీరమ్మగారు ముంతలో ఉండను చూపించారు. "కాలవ నీళ్లలో నూలు నానేశానండి. నల్ల అంచు నూలేమో అనుకుని కండెకి చుట్టబోయాను. చేతి ఏళ్ల మధ్యన కదిలింది," అని నవ్వారు. నేను పట్టకారు తీశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"కొస లాగమాకండి అమ్మాయిగారూ. చిక్కు బిగుసుద్ది. నడిమిన వదులు చేస్తే కొస దానంతటదే వస్తది."

వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, చిక్కుపడ్డ నూలు విప్పినట్టే వేలికొసలతో విప్పుతూ కూర్చున్నారు. ముప్పావుగంట. చేతులు కట్టుకుని అంతసేపు కూర్చోవడం నా జన్మలో అదే మొదలు. నాలుగు పురుగులు నాలుగు వైపులకు విడిపోయాయి. భూతద్దం పెట్టి చూశాను. ఒకదాని తోక చక్కగా రెండుగా చీలి ఉంది. నాకు కళ్లనీళ్లు వచ్చాయి.

కందిపచ్చడి, అన్నం పెడుతూ ఆవిడ అడిగారు. "వానపాముకి చుట్టమాండీ ఇది?"

"కాదండీ. ఏలికపాములకు దగ్గరని కొందరు, అసలు వేరే వంశమని కొందరు అంటారు. పిల్లగా ఉన్నప్పుడు ముళ్ల తొండం ఉంటుంది. పెద్దయ్యాక తిండే తినదు. సముద్రంలో పీతల కడుపులో పెరిగే దాయాదులు కూడా ఉన్నాయి."

"అయితే ఇంకా తేలలేదన్నమాట," అన్నారు వీరమ్మగారు. "ఆ చిక్కు కూడా లాగమాకండి."

శాఖ పేరు సోమవారమే తేలింది. వంశం గొడవ మాత్రం తేలలేదు. తొందరపడి ఏదో ఒకటి రాసెయ్యకుండా, తెలియదనే రాశాను. అలా రాసే ధైర్యం ఆ పళ్లెం ముందు కూర్చున్నాకే వచ్చింది. ఆవిడకు ఎంతో రుణపడి ఉన్నాను. ఆ పురుగుల్ని భద్రపరిచిన సీసా మీద, సేకరించినవాళ్ల చోట నా పేరుకు ముందు వీరమ్మగారి పేరు రాశాను. ఈ పురుగుల కోసం వెళ్లేవారికి ఒక్క మాట: వెడల్పాటి పళ్లెం వెంట తీసుకెళ్లండి, పట్టకారు ఇంట్లో వదిలెయ్యండి.